వెనక్కి నడిచే పాస్టర్

గ్రాంట్ హొలుబ్ ఆ శనివారం ఉదయం ఒక దేశద్రోహి చెయ్యి విరగ్గొట్టాడు.

విరగ్గొట్టాల్సిన అవసరమేమీ లేదు. పార్కింగ్ స్థలంలో మంచు మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, "కొట్టకండి సార్" అని వణికిపోతున్నవాడికి బేడీలు చాలు. కానీ హొలుబ్ షికాగోలోకెల్లా సీనియర్ ఏజెంటు. బెర్లిన్‌లో తుపాకులున్న వాళ్ళని పట్టుకున్న చేతులతో, సాక్సులో క్యాసెట్ దాచుకున్న కళ్ళజోడు ఇంజినీరుని మెత్తగా పట్టుకోవడం అతనికి నామోషీ అనిపించింది. మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. అది ఫట్‌మంది.

గంట తిరక్కుండా ఫెడరల్ భవనం తొమ్మిదో అంతస్తులో, 'గోధుమ ధరల అంచనా విభాగం' అని బోర్డున్న తలుపు తట్టాడు.

"సరస్సు గడ్డకట్టిందా?" అని లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఒడ్డు మాత్రమే" అన్నాడు హొలుబ్ విసుగ్గా.

ఆ గొంతు చీఫ్ టోబిన్‌ది. ఇద్దరూ పదకొండేళ్ళుగా ఒకే బల్ల దగ్గర కూర్చుని మధ్యాహ్నం భోజనం చేస్తున్నారు. అయినా సంకేతం చెప్పందే టోబిన్ తలుపు తియ్యడు. సరస్సు గడ్డకట్టిందో లేదో కిటికీలోంచి చూస్తే తెలుస్తుందని ఎవరైనా అంటే నొచ్చుకుంటాడు కూడా.

"కూర్చో. నిన్ను మెచ్చుకోవాలో చెంప పగలగొట్టాలో తేల్చుకోలేకుండా ఉన్నాను" అన్నాడు టోబిన్.

"క్యాసెట్ దొరికింది. దొంగ దొరికాడు. ఇంకేం కావాలి?"

"కొనేవాడు కావాలి."

టోబిన్ ప్రొజెక్టర్‌తో గోడ మీద బొమ్మ వేశాడు. దొరికిన దొంగ పేరు కర్టిస్ ఎంబ్రీ. సైన్యానికి ట్యాంకు సిమ్యులేటర్లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. వందల సిమ్యులేటర్లని ఒకదానితో ఒకటి కలిపి, అందరూ ఒకే యుద్ధంలో ఉన్నట్టు నడిపించే ప్రోగ్రాం మొత్తం ఆ క్యాసెట్‌లో ఉంది. కొనాలని చూస్తున్నది ఒక తూర్పు దేశపు గూఢచారి ముఠా. 1991 ఫిబ్రవరి నాటికి ఆ దేశం పేరు రెండుసార్లు మారింది, జెండా ఒకసారి మారింది. ముఠా మాత్రం మారకుండా అలాగే ఉంది. పని లేని దేశానికి గూఢచారులెక్కువ.

"అమ్మేవాడి మొహం కొనేవాడికి తెలీదు. కొనేవాడి మొహం అమ్మేవాడికి తెలీదు. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం కలుస్తున్నారు మరి. నది ఒడ్డున ఐరన్ డాక్ అని ఉంది చూశావా? కాక్‌పిట్లలో కూర్చుని యుద్ధం ఆడుకునే చోటు."

"రేకు డబ్బాల్లో కూర్చుని ముప్పై ఏళ్ళ మగాళ్ళు నోటితో డిష్యుం డిష్యుం అనుకునే చోటు. విన్నాను."

"నోటితో కాదయ్యా, కంప్యూటర్‌తో. అక్కడ ఎవడికీ అసలు పేరు ఉండదు. ఎంబ్రీ పేరు పాస్టర్. కొనేవాడి పేరు డ్యూక్. బయట బ్రెజార్ అనే జున్ను వ్యాపారి. జున్ను దిగుమతి చేస్తాడు, రహస్యాలు ఎగుమతి చేస్తాడు. డబ్బాలో కూర్చున్నందుకు వాడిని అరెస్టు చెయ్యలేం కదా? డబ్బు చేతులు మారాలి."

ఏర్పాటు ఇది. మధ్యాహ్నం ఆటలో, తెర మీది విరిగిన వంతెన దగ్గర పాస్టర్ నడిపే రెండు కాళ్ళ యంత్రం, డ్యూక్ యంత్రం ఎదురుపడతాయి. ఎదుటివాడు నడిచే తీరు చూసి ఇతను అసలు పాస్టరేనని డ్యూక్‌కి నమ్మకం కుదరాలి. కుదిరితే కాల్చకుండా నిలబడతాడు. హాల్లో పెద్ద టీవీ ముందు అతని మనిషి స్టోయాన్ కూర్చుని చూస్తుంటాడు. డ్యూక్ నిలబడగానే స్టోయాన్ డబ్బు పెట్టె ఇచ్చి, పక్కనున్న రెనాటా దగ్గర క్యాసెట్ తీసుకుంటాడు.

"నమ్మకం కుదరకపోతే?" అన్నాడు హొలుబ్.

"డ్యూక్ కాలుస్తాడు. స్టోయాన్ జేబులో కలం ఉంటుంది. రాసే కలం కాదది, లోపల విషపు సూది. పక్కన కూర్చున్న మనిషి తొడకి ఆనిస్తే చాలు, నిద్రపోయిందనుకుంటారు. పాస్టర్‌కి హామీ పడింది రెనాటాయే మరి."

రెనాటా ఐరన్ డాక్‌లో ఉద్యోగి. ముఠా పెట్టించిన ఉద్యోగం. ఏడాది కిందట ఆమె గోధుమ ధరల విభాగానికి కూడా పనిచెయ్యడం మొదలుపెట్టింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టేవాళ్ళంటే హొలుబ్‌కి పరమ అసహ్యం. అలాంటివాళ్ళ పుణ్యమా అనే తనకి మూడు ప్రమోషన్లు వచ్చాయన్న సంగతి అతనికి ఎప్పుడూ గుర్తుకు రాదు.

"అయితే ఎంబ్రీనే తీసుకెళ్ళి డబ్బాలో కూర్చోబెట్టండి. తప్పు చేసినవాడేగా, ఆడతాడు."

టోబిన్ బల్ల మీద గుద్దాడు.

"వాడి చెయ్యి విరగ్గొట్టావు కదయ్యా!"

హొలుబ్ కిటికీ వైపు చూశాడు. సరస్సు ఒడ్డు నిజంగానే గడ్డకట్టి ఉంది.

"ఆట మానేస్తే?"

"మానేసినా అనుమానమే. కలం కలమే. నీ ఎత్తూ వాడి ఎత్తూ ఒకటే. గడ్డం పెట్టుకో, టోపీ పెట్టుకో. విరగ్గొట్టినవాడే అతికించాలి."

ఆసుపత్రిలో ఎంబ్రీ చేతికి పచ్చి కట్టు మీద బేడీ వేసి ఉంది. మనిషి ఏడ్చి ఏడ్చి ఉన్నాడు, కానీ ఆట మాట ఎత్తగానే మొహం వెలిగింది.

"సార్, ముఖ్యమైంది ఒకటే. నేను ముందు కాల్చను. ఎప్పుడూ కాల్చలేదు. వెనక్కి నడుస్తాను. నడుము పైభాగం శత్రువు వైపే ఉంటుంది, కాళ్ళు మాత్రం వెనక్కి. ఎడమ పెడల్ సగం నొక్కి, నడిపే కర్ర ఇలా లాగి, మళ్ళీ..."

"సరే సరే."

"ఆట మొదట్లో మా జట్టుకి ఆశీర్వాదం చెప్తాను. 'బిడ్డలారా, ఇంధనం తక్కువ, పాపం ఎక్కువ' అని. అది చెప్పకపోతే వాళ్ళు..."

"నీకు పెళ్ళయిందా?" అన్నాడు హొలుబ్.

"లేదు సార్."

"తెలుస్తూనే ఉంది."

అంతటితో శిక్షణ ముగిసింది. మిగిలిన సమయమంతా హొలుబ్ మేకప్ మనిషి దగ్గర గడిపాడు. గడ్డంలో నెరిసిన వెంట్రుకలు ఎన్ని ఉండాలి అన్న దాని మీద వాళ్ళిద్దరికీ పెద్ద వాదన జరిగింది. కిటికీలు లేని డబ్బాలో తలుపేసుకుని కూర్చోబోయేవాడికి అంత గడ్డం ఎందుకని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఐరన్ డాక్ పాత గిడ్డంగి మూడో అంతస్తులో ఉంది. కింద చాక్లెట్ల దుకాణాలు, పైన యుద్ధం. సిబ్బంది అందరికీ వెండి గుండీల నల్ల యూనిఫాం. ఆ యూనిఫాం మిగిలినవాళ్ళ ఒంటి మీద హోటల్ గేటు దగ్గర నిలబడేవాడిది లాగా ఉంది. రెనాటా ఒంటి మీద మాత్రం చూసినవాళ్ళు సెల్యూట్ కొట్టేలా ఉంది. ఆమె వెనక గదిలోకి వచ్చి, హొలుబ్‌ని పైనుంచి కిందకి చూసింది.

"గడ్డం బాగుంది. ఆట వచ్చా?" అంది.

"విమానం నడిపాను. జలాంతర్గామిలో తిరిగాను. బొమ్మ నడపలేనా?"

"విమానం నడిపిన వాళ్ళు ఇక్కడికి చాలామంది వస్తారు. మొదటి నిమిషంలోనే గోడకి కొట్టుకుంటారు. పక్కన ఖాళీ కాక్‌పిట్ ఉంది. నలభై నిమిషాలు నేర్పిస్తాను, రండి."

"జిగురు ఇంకా ఆరలేదు."

ఆమె కళ్ళలో ఏదో కదిలింది. భయమో కోపమో హొలుబ్ పట్టించుకోలేదు. "హొలుబ్ గారూ, బ్రెజార్ ఎనిమిది నెలలుగా పాస్టర్‌తో ఆడుతున్నాడు. 'వాడి చెయ్యి ఎలా ఉంటుందో నాకు మా ఆవిడ వంట కన్నా బాగా తెలుసు' అంటాడు. ఆ కలం కూర్చునేది మీ పక్కన కాదు, నా పక్కన" అంది.

"నాకు వదిలేయండి" అన్నాడు హొలుబ్. ఈ మాట అతను అందరితోనూ అంటాడు. విన్నవాళ్ళలో కొందరు ఇంకా బతికే ఉన్నారు.

ఆమె వెండి గుండీల్లో ఒకటి మైకు. అది పంపే మాటలు వినడానికి ఒక్క హొలుబ్ ఎడమ చెవిలోనే కందిగింజంత యంత్రం ఉంది. వినడమే తప్ప దాంట్లోంచి మాట్లాడడం కుదరదు. హాల్లో సందర్శకుల వేషంలో ఎనిమిదిమంది ఏజెంట్లు సాండ్‌విచ్‌లు తింటున్నారు. ఎనిమిదిమందికీ ఒకే రకం నల్ల బూట్లు. ఎనిమిదిమంది మెళ్ళోనూ కెమెరాలు, మూతలు తియ్యకుండా.

పదహారు కాక్‌పిట్ల తలుపులు ఒక్కసారే మూసుకున్నాయి.

లోపల చీకటి. ఎదురుగా పెద్ద తెర, కింద చిన్న తెరలు, చుట్టూ గుండీలు, కాళ్ళ కింద పెడళ్ళు. తెర వెలిగింది. ఎర్ర ఎడారి, దూరంగా విరిగిన వంతెన. కుడి చెవి మీద హెడ్‌ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు ఖంగుమంది.

"పాస్టర్! ఏంటయ్యా, ఇవాళ ఆశీర్వాదం లేదా? మేం పాపాత్ములం కాదా ఇవాళ?"

అది గ్రానీ. ఎర్ర జట్టు నాయకురాలు. ఆ జట్టు మాటలు ఆ జట్టుకే వినిపిస్తాయి, డ్యూక్ ఉన్న నీలం జట్టుకి వినిపించవు. అంతవరకు అదృష్టమే.

"గొంతు బాగాలేదు" అని గొణిగి హొలుబ్ కర్రని ముందుకి తోశాడు. రెండు కాళ్ళ ఉక్కు యంత్రం మూడడుగులు వేసి కొండకి గుద్దుకుంది. పక్కకి తిప్పాడు. మళ్ళీ అదే కొండ.

"కొండకి ముద్దు పెడుతున్నాడేంటి గ్రానీ?" అన్నాడు ఇంకొకడు. వాడి పేరు స్పడ్.

ఎడమ చెవిలో హాలు వినిపిస్తోంది. స్టోయాన్ గొంతు బొంగురుగా ఉంది. "వీళ్ళంతా పెద్దవాళ్ళేనా?"

"పన్నులు కూడా కడతారు" అంది రెనాటా.

"మా ఊళ్ళో ఈ వయసుకి మనవలుంటారు. థూ! ఇందులో మా దొర ఏది?"

"ఆ నల్లది."

"అన్నీ నల్లగానే ఉన్నాయి."

"కాస్త శ్రద్ధగా చూస్తే తెలుస్తుంది."

"ఇలాంటివి శ్రద్ధగా చూడ్డానికా నన్ను అంత ఖర్చు పెట్టి తయారుచేసింది?" అన్నాడు స్టోయాన్. ఆ ఒక్క మాటలో హొలుబ్‌కి అతని మీద గౌరవం కలిగింది.

అంతలో అతని యంత్రం కాలు జారి లోయలో బోర్లా పడింది. కుడి చెవిలో గ్రానీ మెల్లగా మాట్లాడింది. మెల్లగా మాట్లాడినప్పుడే ఆమె గొంతు భయంకరంగా ఉంది.

"నువ్వు పాస్టర్‌వి కాదు. ఎవడివి నువ్వు?"

ఇరవై రెండేళ్ళలో హొలుబ్ పూజారిగా, పియానో టీచరుగా, బెల్జియం రాయబారిగా నటించాడు. ఏ ప్రశ్నకైనా వెంటనే అబద్ధం తయారు. ఇప్పుడు మాత్రం నోటికొచ్చిన మొదటి చుట్టరికం పట్టుకున్నాడు.

"వాడి... బావమరిదిని. వాడి చెయ్యి విరిగింది. అందుకని నేను..."

"ఎలా విరిగింది?"

"మంచు మీద ఎవడో వెధవ మెలితిప్పాడు."

ఆ రోజు అతని నోట్లోంచి వచ్చిన మొదటి నిజం అదే.

"చెయ్యి విరిగి కూడా పేరు ఆటకి పంపించాడంటే చూడు, మన పాస్టర్ మొండివాడే" అన్నాడు స్పడ్ ఆరాధనగా. "గ్రానీ, ఇవాళ ఈ నెలకి ఆఖరి ఆట. పాస్టర్ మూడో స్థానంలో ఉన్నాడు. ఈ బావమరిది చస్తే మార్కులు పాస్టర్‌కే పోతాయి."

"తెలుసు. చావనివ్వను" అంది గ్రానీ. "ఒరే బావమరిదీ! కష్టపడి తెచ్చుకున్న పేరు అది. నువ్వొచ్చి బురదలో తొక్కుతానంటే ఊరుకోను. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఆలోచించకు. ఆలోచించడం నీకు అచ్చిరాదని ఇప్పటికే అర్థమైంది. కుడి పెడల్, పూర్తిగా. కర్ర నీ వైపు. ఊఁ. లేచావా?"

యంత్రం లేచింది.

"ఇప్పుడు ఎటు వెళ్ళాలి?"

"వంతెనకి" అన్నాడు హొలుబ్. "వంతెన దగ్గరికే వెళ్ళాలి. పాస్టర్ అలాగే చెప్పాడు."

"పిచ్చివాడా, అది శత్రువు నోరు. సరే, పాస్టర్ అంటే పాస్టరే. మేం వెనకాల ఉంటాం. ఎడమ పెడల్ సగం. సగం అన్నాను! నీ ఇంట్లో సగానికి వేరే అర్థం ఉందా?"

హొలుబ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, ఏ పనీపాటూ లేని శాల్తీ, తనని పెరట్లో కోడిపిల్లని అదిలించినట్టు అదిలిస్తోంది. కానీ ఎడమ చెవిలో రెనాటా ఊపిరి వినిపిస్తోంది. చిన్నగా, తొందరగా ఉంది ఆ ఊపిరి. అతను పెడల్ సగానికి తగ్గించాడు.

వంతెన దగ్గర పొగలోంచి డ్యూక్ యంత్రం వచ్చింది. ఎత్తుగా, నున్నగా, తొందర లేకుండా. ఆగి, హొలుబ్ భుజం పక్కనుంచి ఒక గుండు పేల్చింది. తగిలించాలని కాదు. పరీక్షకే.

హొలుబ్ బొటనవేలు దానంతటదే మీట మీదకి వెళ్ళింది.

"కాల్చావో, నేనే నిన్ను కాల్చేస్తాను!" అని గ్రానీ అరిచింది. "పాస్టర్ ముందు కాల్చడు. వెనక్కి. నడుము వాడి వైపే ఉంచు, కాళ్ళు వెనక్కి. ఎడమ సగం, వదులు. కుడి సగం, వదులు. వెనక్కి నడు నాయనా, వెనక్కి."

హొలుబ్ వెనక్కి నడిచాడు. చెమట కళ్ళలో పడుతోంది, గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఎడమ, వదులు. కుడి, వదులు. డ్యూక్ ముందుకి ఒకడుగు వేశాడు, ఆగాడు, ఇంకో అడుగు వేశాడు. తరవాత అతని యంత్రం రెండు తుపాకులూ కిందకి దిగాయి. కదలకుండా నిలబడింది.

"నిలబడ్డాడా?" అన్నాడు స్టోయాన్ ఎడమ చెవిలో.

"నిలబడ్డాడు" అంది రెనాటా. ఆమె గొంతు మొదటిసారి వదులయింది. పెట్టె ఎత్తిన చప్పుడు వినిపించింది.

హొలుబ్ వెనక్కి వాలాడు. అయిపోయింది. బొమ్మ నడపలేనా అన్నాడు, నడిపాడు.

"స్పడ్" అంది గ్రానీ కుడి చెవిలో. గొంతు మారింది. "డ్యూక్‌గాడు కదలకుండా నిలబడ్డాడు."

"ఏమైంది వాడికి?"

"ఏమైతే నాకేం."

"వద్దు!" అని హొలుబ్ గావుకేక పెట్టాడు. "కాల్చొద్దు! అమ్మా, దండం పెడతాను, కాల్చొద్దు!"

"ఎనిమిది నెలల్లో ఒక్కసారి దొరికాడు వెధవ. వాడిని దింపితే మొదటి స్థానం నాది. వద్దంటావేంటి? నువ్వు వాడికి కూడా బావమరిదివా?"

గ్రానీ కాల్చింది. తెర మొత్తం తెల్లగా వెలిగి, ఆపైన పొగ కమ్మింది.

ఎడమ చెవిలో పెట్టె కింద పెట్టిన చప్పుడు.

"కాల్చాడు" అన్నాడు స్టోయాన్.

"కాదు. పేలింది మీ దొరది. పాస్టర్ వెనకనుంచి వేరేవాళ్ళు కాల్చారు" అంది రెనాటా.

"నాకు కనిపించింది. ఇద్దరు నిలబడ్డారు, ఒకడు పేలాడు. మా దొర కాల్చాడు. మీ పాస్టర్ దొంగ."

"అది కాదు స్టోయాన్. టీవీ సరిగా చూడు, ఇంకా నిలబడి ఉన్నది..."

"నువ్వు అలాగే అంటావులే. కదలకు. అరిచావంటే ఇంకా ముందే అయిపోతుంది."

కలం మూత తీసిన శబ్దం చాలా చిన్నది. హొలుబ్‌కి స్పష్టంగా వినిపించింది.

అతను తలుపు మీద పడ్డాడు. అది తెరుచుకోలేదు. భుజంతో గుద్దాడు, కాలితో తన్నాడు, దొరికిన గుండీనల్లా నొక్కాడు. యంత్రం ఒకసారి హారన్ కొట్టింది. తలుపు లోపలి నుంచి ఎలా తియ్యాలో ఆట ముందు అందరినీ నిలబెట్టి చెప్పారు. చెప్పింది రెనాటాయే. అప్పుడు హొలుబ్ అద్దంలో టోపీ సరిచేసుకుంటున్నాడు. ఇప్పుడు భయం వేసింది అతనికి. తన కోసం కాదు. నలభై నిమిషాలు నేర్పిస్తాను రండి అన్న మనిషి అక్కడ, ఎనిమిదిమంది మొద్దుల మధ్య, ఒంటరిగా చచ్చిపోతోంది. జిగురు ఆరలేదని తను అన్న మాట తనకే మళ్ళీ వినిపించింది. "టోబిన్! కలం! ఎవరైనా చూడండి!" అని అరిచాడు. ఆ డబ్బాల గోడలు చప్పుడు బయటికి పోకుండా కట్టినవి.

"మోసం!"

ఆ కేక ఎడమ చెవిలో దూరంగా మొదలై దగ్గరికి వచ్చింది.

"మోసం! దొంగ దెబ్బ! నిలబడ్డవాడిని కాల్చింది! ఎవరది గ్రానీ? బయటికి రా! ఎనిమిది నెలలు! ఎనిమిది నెలలుగా మొదటి స్థానం నాది!"

అది బ్రెజార్. గవర్నర్లకి జున్ను పళ్ళేలు పంపే పెద్దమనిషి, మూడు ఖండాల పోలీసులకి మొహం చూపించని ముఠా నాయకుడు, యంత్రం పేలగానే తలుపు తీసుకుని హాల్లోకి ఊడిపడ్డాడు. తలుపు ఎలా తియ్యాలో అతను శ్రద్ధగా నేర్చుకున్నాడు.

"స్టోయాన్! చూశావా? చూశావుగా! నేను నిలబడి ఉన్నాను, పాస్టర్ చాటునుంచి కొట్టింది!"

"దొరా... మీరు పేలారా?" అన్నాడు స్టోయాన్. "మరి కాల్చింది?"

"కాల్చింది అది! పాస్టర్ వెనకాల ఉన్నది! పాస్టర్‌ని నేనెందుకు కాలుస్తాను? వాడు పాస్టరే, వెనక్కి నడిచాడు, అచ్చం వాడి నడకే! ఆ కలం చేతిలో ఎందుకు పట్టుకున్నావు, ఉత్తరం రాస్తున్నావా? ఇచ్చెయ్, ఆ డబ్బు ఇచ్చేసి సరుకు తీసుకో. తీసుకుని నాకు ఇంకో టికెట్టు కొను. సాయంత్రానికి నెల ముగుస్తుంది! కదలవేం?"

స్టోయాన్ మంచి సైనికుడు. ప్రశ్నలు వెయ్యకుండా ఉండటం అతని చదువు. కలం మూత పెట్టాడు, హాలంతా చూస్తుండగా పెట్టె రెనాటా చేతికిచ్చాడు, క్యాసెట్ జేబులో వేసుకున్నాడు. అప్పుడు ఎనిమిది సాండ్‌విచ్‌లు ఒక్కసారి నేల మీద పడ్డాయి.

పది నిమిషాల ఆట పూర్తయ్యాక సిబ్బంది కుర్రాడు ఒకడు వచ్చి హొలుబ్ డబ్బా తలుపు బయటినుంచి తీశాడు. ఒక వేలితో తీశాడు.

హాల్లో బ్రెజార్‌కి బేడీలు పడ్డాయి. ఆ సంగతి అతను ఇంకా గమనించినట్టు లేదు. ఉన్ని కోటు, ముత్యాల దండ వేసుకున్న యాభై ఏళ్ళ ఆవిడతో ముక్కు ముక్కు తాకేలా నిలబడి పోట్లాడుతున్నాడు.

"నిలబడ్డవాడిని కాల్చకూడదని ఏ రూల్లో ఉంది? చూపించండి" అంటోంది ఆవిడ. "నేను ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా విడాకుల కేసులు వాదిస్తున్నాను. నిలబడి ఆలోచించుకునే మొగుడికన్నా సులువైన గురి ఇంకోటి లేదు."

"ఒక్క ఆట! సార్, ఒక్క ఆట ఆడనిచ్చి తీసుకెళ్ళండి!" అని బ్రెజార్ ఏజెంట్లని బతిమాలాడు. ఇద్దరు ఏజెంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజంగానే ఆలోచించారు.

ఆవిడ వేలాడే గడ్డంతో నిలబడ్డ హొలుబ్‌ని చూసింది. "నువ్వేనా బావమరిది? మీ వాడి పేరు నిలబెట్టాం, చెప్పు. నువ్వు కూడా పర్లేదు, వెనక్కి బాగానే నడుస్తావు" అంది.

రెనాటా బెంచీ మీదే కూర్చుని ఉంది. కప్పులో కాఫీ తాగుతోంది. యూనిఫాం ప్యాంటు తొడ మీద చిన్న చిరుగు ఉంది, సూది బట్ట దాకా వచ్చి ఆగిన చోట. హొలుబ్ ఎదురుగా నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలి.

"అంతా విన్నాను" అన్నాడు.

"వింటున్నారని నాకు తెలుసు." ఆమె తలెత్తింది. "సూది తగిలాక మీరు వస్తారని అనుకున్నాను. తగలకముందు వస్తారని అనుకోలేదు. రెండూ జరగలేదు."

"తలుపు..."

"నన్ను హామీ పెట్టుకుంది బ్రెజార్. మీరూ అదే చేశారు. వాడు కనీసం ఆట నేర్చుకున్నాడు" అంది. కప్పు కింద పెట్టి లేచింది. "సరే, నేను బతికాను. మర్యాదకి థాంక్స్ చెప్పాలి. మీరేం చేశారో చెప్పండి, దానికి చెప్తాను."

హొలుబ్ వేలాడుతున్న గడ్డాన్ని పీకి జేబులో కుక్కుకున్నాడు. ఆమె అంతసేపూ ఓపిగ్గా నిలబడి, తరవాత కోటు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఏ ఊరికి పంపారో, ఏ పేరు పెట్టారో టోబిన్ అతనికి చెప్పలేదు. ఆమె వద్దని కోరిందట.

బ్రెజార్ విచారణలో మొదటి రోజంతా గ్రానీ మీద ఫిర్యాదే చెప్పాడు. రహస్యాలు రెండో రోజు మొదలయ్యాయి. ఎంబ్రీ జైలు గదిలో ఎడమచేత్తో లేని కర్ర లాగుతూ, కాళ్ళతో లేని పెడళ్ళు నొక్కుతుంటాడని కాపలావాళ్ళు చెప్పుకున్నారు. ఏప్రిల్లో వాషింగ్టన్ నుంచి హొలుబ్‌కి పతకం వచ్చింది. దానితో పాటు టోబిన్ స్వయంగా రాసిన ప్రశంసాపత్రం వచ్చింది. 'శత్రువుల మధ్య, ప్రాణాపాయ సమయంలో, ఏజెంట్ హొలుబ్ చివరి క్షణం వరకు తన స్థానం వదిలి కదలలేదు' అని అందులో ఉంది.

గోధుమ ధరల అంచనా విభాగం చరిత్రలో అంత కచ్చితమైన వాక్యం ఎవరూ రాయలేదు.